ఒహాయో ఓట్లకు ఖానాపూర్ బస్సు

టికెట్ దొరికింది గానీ సీటు దొరకలేదు. మంచిర్యాలలో బస్సెక్కిన మొండయ్య జన్నారం దాటినా నిలబడే ఉన్నాడు. అసలు ఎన్నికల్లో నిలబడ్డది ఆయన తమ్ముడి బిడ్డ అలేఖ్య. అదీ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో, స్కూలు బోర్డు మెంబరు పదవికి. నిలబడ్డది ఆమె. నొప్పులు మాత్రం ఈయన మోకాళ్లకు.

పోయినసారి అలేఖ్య తొమ్మిదంటే తొమ్మిది ఓట్లతో ఓడింది. ఈసారి పోలింగు వచ్చే మంగళవారం. ఆ ఊళ్లో మన దిక్కువాళ్ల ఇళ్లు పద్దెనిమిది ఉన్నాయి. శ్రీరాంపూర్ గనిలో ముప్పై నాలుగేళ్లు బొగ్గుతో పాటు యూనియన్ జెండా కూడా మోసిన మొండయ్యకు ప్రచారం కొత్త కాదు. ఒహాయోలో పిల్లల్ని పట్టాలంటే కరీంనగర్‌లో వాళ్ల మేనమామల్ని పట్టాలి. పది రోజులుగా పట్టాడు, పట్టి పట్టి గొంతు పట్టేసింది. పదిహేడు ఇళ్ల పని ఫోన్లోనే అయిపోయింది.

మిగిలింది సిద్దిరాములు కొడుకు కుమారస్వామి ఇల్లు. సిద్దిరాములుకు ఫోన్ చేసే మొహం మొండయ్యకు లేదు.

ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. ఎనిమిదేళ్ల కిందట సిద్దిరాములు అవతలి యూనియన్‌లోకి మారాడు. మర్నాడే గని ముందు గేట్ మీటింగులో, పనిలోకి దిగబోతున్న నాలుగొందల మంది వినేలా, మొండయ్య మైకు పట్టుకుని "సిద్దిరాములు అమ్ముడుపోయిండు" అన్నాడు. యూనియన్ అంటే కలయిక అని అర్థం చెబుతారు. వీళ్లను విడదీసింది అదే. సిద్దిరాములు రిటైరై సొంతూరు ఖానాపూర్‌కు వెళ్లిపోయాడు. మళ్లీ మాటల్లేవు.

"రెండోట్ల కోసం గంత దూరం పోవాల్నా? మెట్లెక్కితేనే దమ్ము ఆడకపాయె నీకు" అని పొద్దున భార్య బాలలక్ష్మి అడ్డం పడింది.

"పోవాలె" అన్నాడు మొండయ్య చెప్పులు వేసుకుంటూ.

ఖానాపూర్‌లో సిద్దిరాములు ఇంటి ముందు మక్కలు ఆరబోసి ఉన్నాయి. ఆరుగురు కూలీ ఆడవాళ్లు వాటిని తిరగేస్తున్నారు. సిద్దిరాములు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. లేవలేదు.

"అమ్ముడుపోయినోని ఇంటికి కొనేటోడు వచ్చిండా?"

"కొననీకి రాలే. అడగనీకి వచ్చిన. మా అలేఖ్య నిలబడ్డది. నీ కొడుకుది, కోడలుది, రెండోట్లు..."

సిద్దిరాములు భార్య సరోజన నీళ్ల చెంబు తెచ్చి అందించింది. "ఎనిమిదేండ్ల సంది మనిషి యాదికి రాలే గని, ఓట్లు యాదికొచ్చినయా అన్నా?" అంది. నీళ్లు చల్లగానే ఉన్నాయి.

మొండయ్య ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆనాడు నేను అట్ల అనొద్దుండె. తప్పయింది."

"ఏందీ? వినపడ్తలేదు."

"తప్పయింది అంటున్న."

"మైకుల ఒర్రినవు, చెవుల చెప్తే మాఫైతదా? గేట్ మీటింగుల ఎట్ల అన్నవో గట్లనే అను."

మొండయ్య ఒకసారి చుట్టూ చూశాడు. నాలుగొందల మంది లేరు, ఆరుగురున్నారు. చెంబు కింద పెట్టి, నడుం మీద చేయి పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"అక్కలారా! గీ సిద్దిరాములు అమ్ముడుపోలే! ఆయన మీద నేను చెప్పింది అబద్ధం! అబద్ధం! అబద్ధం!"

మూడోసారికి దగ్గు వచ్చింది. ఆడవాళ్లు మక్కలు వదిలేసి నోళ్లు తెరిచారు. ఒకామె చప్పట్లు కూడా కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

సిద్దిరాములు లేచి వచ్చి వీపు మీద చరిచాడు. దగ్గు తగ్గినా చెయ్యి తీయలేదు.

"ఇగ సాలు తియ్యి. గింతకు నీ దమ్మే పోయేటట్టున్నది. సరోజనా, ఇంకో తలె పెట్టు."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. ముందు పప్పు కలిసింది, తర్వాత మాటలు కలిశాయి.

"లచ్చయ్య పోయిండట గద, మొన్న?" అని అడిగాడు సిద్దిరాములు.

"పోయిండు. మన షిఫ్టుల ఇగ మనమిద్దరమే."

సిద్దిరాములు కాసేపు అన్నం కెలికాడు. "ఆగు, కుమారస్వామికి ఇప్పుడే ఫోన్ కొడ్త. మన ఓట్లు మన పిల్లకే."

"ఇప్పుడా? వద్దు, వద్దు" అన్నాడు మొండయ్య, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా. "ఆడ అర్ధరాత్రి. పండుకోనీ పిల్లలను."

"అయితే పొద్దుగూకినంక కొడ్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

బస్టాండుదాకా సాగనంపి, కండక్టర్‌తో కొట్లాడి మరీ సీటు ఇప్పించాడు సిద్దిరాములు. "నెల నెలా రావాలె, ఎన్నికలున్నా లేకున్నా" అని కిటికీలోంచి వేలు చూపించి బెదిరించాడు.

చీకటి పడ్డాక, బస్సు లక్సెట్టిపేట చేరేసరికి అలేఖ్య ఫోన్ చేసింది.

"పెద్దబాపూ, ఖానాపూర్ పోయినవా? కుమారస్వామి ఇప్పుడే చేసిండు. వాళ్ల బాపు ఓట్లు అడిగిండట. గంత సంబురంగ అడుగుతుంటే కాదనలేక సరే అన్నడట, నవ్వుతుండు."

"మంచి పిలగాడు."

"మంచోడే గని పెద్దబాపూ, వాళ్లు వీసా మీదున్నరు, వాళ్లకు ఈడ ఓటు లేదని పోయిన వారమే చెప్పిన గద నీకు! మర్చిపోయినవా?"

"మర్చిపోలే బిడ్డా" అన్నాడు మొండయ్య.