చార్మినార్ ముందు ఎర్ర చీర

“కొత్తింట్లకు అదన్న రావాలె, నేనన్న రావాలె. తేల్చుకోండి!”

రుఖయ్యా అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. సామానుతో పటాన్‌చెరు నుంచి బీరంగూడకు పోవాల్సిన ట్రాలీ ఆటో బయట హారన్ మోగిస్తూనే ఉంది. గోడకు మిగిలింది ఒక్క పోస్టరే.

పెళ్లికి రెండేళ్ల ముందు, విదేశీ యాత్రికుల కోసం ఒక ట్రావెల్ కంపెనీ ఆమె భర్త మొహియుద్దీన్‌తో వేయించిన బొమ్మ అది. నిండు చందమామ, చార్మినార్, దాని ముందు నడుం మీద చెయ్యి వేసుకుని అటు తిరిగి నిలబడ్డ ఎర్ర చీర మనిషి. ‘హైదరాబాద్ మీ కోసం ఎదురుచూస్తోంది’ అని కింద ఇంగ్లీషులో రాసి ఉంది.

“చార్మినార్ కాడ ఒక్కతే మనిషా? కాలు పెట్ట జాగుంటదా ఆడ?”

“కంపెనీవాళ్లే జనాన్ని తీసెయ్యమన్నరు. రిక్షాలొద్దు, బర్రెలొద్దు, ఒక్క ఆడమనిషి చాలన్నరు. బొమ్మ గీస్తనంటే ఆ దినాలల్ల ఎవరొచ్చి నిలబడ్తరు? వారం రోజులు పరేషాన్ అయిన.”

“దొరికింది గద! ఎవరామె?”

“చెప్పనని మాటిచ్చిన.”

“నలభై ఏండ్ల సంది గిదే మాట! ఆ సన్న నడుము చూసి చూసి నా కడుపు మండిపోతున్నది.”

రుఖయ్యా కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. బీరువా మోయడానికి వచ్చిన పెద్దరాములు వైపు తిరిగింది. మొహియుద్దీన్‌కు చిన్ననాటి దోస్తు, రోజూ ఈ ఇంటి చాయ్ తాగితే గానీ పొద్దుగుంకని మనిషి.

“రాములన్నా, నువ్వన్న చెప్పు.”

“నాకేం ఎరుక భాభీ... జెర చాయ్ పోయరాదు.”

“ఆమె పేరు తెలిసేదాక ఏ ఇంట్లనైనా చాయ్ బంద్!”

మొహియుద్దీన్ నిట్టూర్చి పోస్టర్‌ను గోడ నుంచి దించాడు. అంత బాగా ఆయనకు మళ్లీ ఏ బొమ్మా కుదరలేదు. “సరే, నువ్వే రా. ఇది ఈడనే ఉండనియ్,” అని దాన్ని గోడవైపు తిప్పి ఆనించాడు. దాని వెనక పట్టిన దుమ్మును అరచేత్తో మెల్లగా తుడిచాడు.

అది చూసి పెద్దరాములు ఆగలేకపోయాడు. బీరువా మీంచి చెయ్యి తీసి, బొజ్జ మీదికి తువ్వాలు లాక్కుని, నేల చూపులు చూస్తూ అన్నాడు:

“ఆ నడుము నాదే భాభీ.”