కట్ అన్న తర్వాత

"గా కెమెరాకు నల్లపట్టి ఎందుకేసిండ్రు బిడ్డా?"

"దెబ్బ తాకింది కాకా," అన్నాడు కెమెరామన్ ఉజ్వల్, లింగమూర్తి కాలరుకు మైకు తగిలిస్తూ. నిజానికి పట్టి కింద ఉన్నది, రికార్డింగు నడిచేటప్పుడు వెలిగే ఎర్రదీపం.

డైరెక్టర్ ప్రజ్ఞ ఎదురుగా కూర్చుంది. బెల్లంపల్లిలో ఒకప్పుడు బొగ్గుబాయి కప్పు కూలి ముగ్గురు పోయారు. దాని మీద టీవీకి డాక్యుమెంటరీ తీస్తోంది. కప్పుకు ఆసరాగా ఉన్న దిమ్మెను హనుమండ్లు పీకాడని, అందుకే కూలిందని ఊరంతా అంటుంది. ఆ ముగ్గురిలో అతనూ ఒకడు. భార్య బుచ్చవ్వ ఈ పక్కింట్లోనే ఉంటుంది. ఆమెను పెండ్లికీ పిలవరు, చావుకూ పిలవరు.

"హనుమండ్లు మీ దోస్తు గద. ఆ పొద్దు ఏమైంది కాకా?"

"నాకు జెరమొచ్చింది. డ్యూటీకి పోలే. నాకేం తెల్వదు."

తిప్పి తిప్పి అడిగినా అదే జవాబు.

"కట్," అంది ప్రజ్ఞ.

ఉజ్వల్ కెమెరా వదిలి పక్కకు జరిగాడు. దాన్ని ఆపలేదు. మనుషులు కట్ అన్న తర్వాతే నిజం చెబుతారని ప్రజ్ఞ నమ్మకం.

"బంద్ అయిందా?" అడిగాడు లింగమూర్తి.

"అయింది కాకా," అంది ప్రజ్ఞ.

పక్కింట్లో బుచ్చవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు. ఆయన కాసేపు అటే విన్నాడు.

"గీ ముచ్చట బయటికి పోవద్దు."

"పోదు. ఒట్టు."

"దిమ్మె పీకింది హనుమండ్లు కాదు. నేను."

టీవీలో కార్యక్రమం ఆ మాటతోనే మొదలైంది.

తర్వాత మనసు ఊరుకోక ప్రజ్ఞ మళ్లీ వచ్చింది. లింగమూర్తి ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో 'హంతకుడు' అని రాశారు. పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు బుచ్చవ్వ చుట్టూ చేరి చింతచిగురు ఏరుతున్నారు.

"మిమ్మల్ని మోసం చేసిన కాకా. కెమెరా బంద్ చెయ్యలే."

"ఎరుకే. దీపం పట్టుకొని బాయిల బతికినోన్ని. మూసిన దీపం తెల్వదా?"

"తెలిసి గూడ చెప్పిండ్రా?"

"కట్ అన్నంక చెప్తెనే గద మీరు నమ్ముతరు."

"మరి ముందుగాల జెరమని ఎందుకు బుకాయించిండ్రు?"

లింగమూర్తి అరుగు వైపు చూశాడు. బుచ్చవ్వ ఎవరి మాటకో నవ్వుతోంది.

"జెరం నిజమే, బిడ్డా."