రిహార్సల్ అంటే ఏంటి బాబూ?

"మళ్లీ!" అని అరిచాడు డైరెక్టరు.

కుర్ర హీరోకి ఒళ్లు మండింది. నాటకంలో అతనిది లాంచీ నడిపే సరంగు వేషం. లాంచీ మునిగిపోతుంటే పరాయి పిల్లను చెయ్యిచ్చి పైకి లాగుతాడు. ఈలోగా సొంత కూతురు నీళ్లపాలవుతుంది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల మునుగుతూనే ఉంది గానీ, సీనుకి మాత్రం ప్రాణం రావడం లేదు.

"రేపే నాటకం. ఇవాళ కుదరలేదో, నీ వేషం ఇంకొకడికి!" అనేసి డైరెక్టరు టీ తాగడానికి వెళ్లాడు.

వెనక వరసలోంచి ఓ పెద్దాయన లేచి వచ్చాడు. ఎవరో ఏమో, రోజూ వస్తాడు. ఈ సీను మొదలవగానే బయటికి పోతాడు, అయ్యాక వచ్చి కూర్చుంటాడు. ఇవాళ మాత్రం కదల్లేదు.

"రిహార్సల్ అంటే ఏంటి బాబూ?"

"చేసిందే చెయ్యడం."

"అది చూస్తున్నాలే. అసలా మాటెక్కడిదీ అని."

ఆ సంగతి హీరో ఎప్పుడూ ఆలోచించలేదు. రోజూ నోట్లో నానే మాటే మరి!

"ఇంకోటి. కుడిచెయ్యి కాదు, ఎడమది చాచు."

"మీరేమన్నా చూసొచ్చారా? ఉచిత సలహాలొకటి! ముందు బయటికి నడవండి!"

పెద్దాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతోంది. హీరో ఉండబట్టలేక ఫోన్లో వెతికాడు. పాతకాలపు ఫ్రెంచి మాటట. దున్నిన నేలనే దంతెతో మళ్లీ పెళ్లగించడమట.

"ఓరి దీని దుంపతెగ! ఇది పొలం మాటా!"

చెబుదామని వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. అయ్యో, తొందరపడ్డానే అనిపించింది.

డైరెక్టరు టీ తాగొచ్చి "మళ్లీ!" అన్నాడు. ఈసారి హీరో ఎడమచెయ్యి చాచాడు, పోయేదేముందిలే అని. కుడిచెయ్యి దానంతటదే చుక్కాని మీద బిగుసుకుంది. ఒళ్లంతా మెలితిరిగింది. గొంతులోంచి కేక తన్నుకొచ్చింది.

"ఇదీ!" అని ఎగిరి గంతేశాడు డైరెక్టరు.

ముందు వరసలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంటోంది. ఆనాడు లాంచీలోంచి బయటపడ్డ పిల్ల ఆవిడే. ఆవిడ చెప్పిన కథే ఈ నాటకం. చివరి రిహార్సల్ చూడమని డైరెక్టరు పిలిస్తే ఇప్పుడే వచ్చింది.

"ఎడమచెయ్యని నీకెవరు చెప్పారు బాబూ?"

"రోజూ వచ్చే ఓ పెద్దాయన. ఆయనకి మీరే చెప్పుంటారుగా?"

"ఆ చెయ్యి సంగతి నేనెవరికీ చెప్పలేదు."

హీరో వీధిలోకి పరిగెత్తి అటూ ఇటూ చూశాడు. పెద్దాయన జాడ లేదు.

వెనకే వచ్చిన ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి కాళ్లకు దండం పెట్టుకుందామని ఇన్నేళ్లుగా వెతుకుతున్నా బాబూ... ఆ లాంచీలో బతికింది నేనూ, ఆ సరంగూ, ఇద్దరమే!"