మేడ అందేదాకా

నాకు పైలట్ లైసెన్సు వచ్చిందని ఫోన్‌లో కబురు రాగానే, మా ఆయన శ్రీకర్ నన్ను ఇంటి విమానం ఎక్కించి పక్కన కూర్చున్నాడు. ఈ రోజుల్లో కొత్త కోడలు అత్తవారి మేడ మీద తానే విమానం దించాలి, అదే గృహప్రవేశం. మేడ కనబడగానే ఇంజన్ ఆగిపోయింది. కంగారుగా, దిగేముందు వేగం తగ్గించే రెక్కల ఫ్లాప్స్ దించబోయాను. ఫ్లాప్స్ మీట మీద అతని చెయ్యి అప్పటికే ఉంది.

“ఇప్పుడే దించితే అంతదూరం తేలలేం, పక్కింటివాళ్ల వడియాల మీద పడతాం. మేడ అందుతుందని నమ్మకం కుదిరాక దించు.”

అలాగే చేశాను. పూవులా దిగాం. అత్తయ్య హారతి పళ్లెంతో వస్తోంది. నాకు ఆనందంగానే ఉంది, కానీ ఆ చెయ్యి ముందే అక్కడెందుకుంది? ఇంజన్ మీట నొక్కి చూశాను. ఒక్కసారికే అందుకుంది.

“నువ్వే ఆపావు కదూ?”

“పెళ్లయి నెల కాలేదు, అప్పుడే అనుమానమా?” అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“సరే. రేపు నువ్వు నడుపు. ఇంజన్ మీట పక్కన నేను కూర్చుంటాను.”