ఏం పెడతారమ్మా వాటికి?

నరసాపురం చర్చి హాల్లో రక్త నమూనాల క్యాంపు. అందరికంటే ముందు వచ్చింది జ్ఞానమ్మ అనే ముసలావిడ.

"మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా అండి?" అడిగింది సూర్యకళ.

"ఇప్పుడెవరికీ లేదమ్మా."

"అయితే మీ రక్తం అక్కర్లేదండి. తరవాతివాళ్ళు రండి."

అది 2009. సూర్యకళ పీహెచ్‌డీ ముగించి, హైదరాబాదు లాబ్‌లో పోస్ట్‌డాక్‌గా పనిచేస్తోంది. లివర్‌లో రాగి పేరుకుపోయి పిల్లల ప్రాణం తీసే జబ్బు మీద ఆమె పరిశోధన. ఆ జబ్బు కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది.

జ్ఞానమ్మ వెళ్ళలేదు. బెంచీ మీద కూర్చుని లేసు అల్లుకుంటోంది.

సూది చూసి ఒకామె వెనక్కి తగ్గింది.

"చీమ కుట్టినట్టుంటుందంతేనే. పిల్లల కోసమే కదా!" అంటూ జ్ఞానమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అలా మధ్యాహ్నానికి పదకొండు మందిని ఒప్పించింది.

జనం పలచబడ్డాక దగ్గరికి వచ్చింది.

"లాబులో ఒంటి కణాలు పెంచుతారంట కదమ్మా?"

"అవునండి. జబ్బున్న పిల్లాడి చర్మం చిటికెడు తీసి పెంచుతాం. వాటిని లివర్ కణాలుగా మార్చి, చెడిన జన్యువును సరిచెయ్యాలని చూస్తున్నాం."

"ఏం పెడతారమ్మా వాటికి?"

"చక్కెర, ఉప్పు కలిసిన ద్రవం."

"చలెయ్యదూ?"

సూర్యకళకి నవ్వొచ్చింది. "మన ఒంటికున్నంత వెచ్చదనం ఉండే పెట్టెలో పెడతామండి."

"మరి ఆదివారాలో?"

"నేనే వెళ్ళి చూసుకుంటాను."

"విసుక్కోరు కదా?"

"రైలుకి టైమవుతోందండీ. నన్ను కాస్త లేబుళ్ళు అంటించుకోనివ్వండి."

జ్ఞానమ్మ నొచ్చుకోలేదు. సూర్యకళ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఇంకో రెండేళ్ళు పట్టింది. ఓ ఉదయం, సరిచేసిన కణాలు రాగిని తట్టుకుని బతికాయి.

సూర్యకళ నరసాపురం చర్చి పాస్టరు రాజరత్నం గారికి ఫోన్ చేసి చెప్పింది.

"దేవుడి దయమ్మా! జ్ఞానమ్మగారుంటే ఎంత పొంగిపోయేవారో. మొన్న జూన్‌లో పోయారండి."

"ఎవరూ, ఆ లేసు అల్లే ఆవిడా?"

"ఆవిడేనండి. ఒక్కసారి మీ లాబు చూపించమని నన్ను అడుగుతూ ఉండేవారు."

అయ్యో అనుకుని సూర్యకళ ఫోన్ పెట్టేసింది.

పరిశోధన వ్యాసం పత్రికకి పంపాలంటే కణాలిచ్చిన రోగి అనుమతి పత్రం కావాలి. ఇన్నాళ్ళూ ఆమెకి ఆ రోగి ఒక నంబరు మాత్రమే. పాత ఫైలు తెరిచింది.

శ్యాంబాబు. పన్నెండేళ్ళు. 1988లో చర్మం తీసి కణాలు లాబ్‌లో భద్రపరిచారు. తీసిన నెలకే చనిపోయాడు.

కింద, తల్లి అన్నచోట వంకర అక్షరాల్లో సంతకం: జ్ఞానమ్మ, నరసాపురం.