అడుగుజాడ లేని అతిథి

గుడారానికి వచ్చినవాణ్ణి మూడు రోజుల దాకా పేరూ ఊరూ అడగకూడదు. నహార్ తాతల నాటి నుంచీ ఆ ఎడారిలో అదే మర్యాద. కానీ ఈ అతిథి వచ్చినప్పటి నుంచీ నహార్‌కి కంటిమీద కునుకు లేదు. ఇసుకలో జాడ చూసి ఒంటె ఎవరిదో చెప్పగలవాడికి, గుడారం చుట్టూ ఎంత వెతికినా ఆ మనిషి నడిచొచ్చిన అడుగు ఒక్కటీ కనిపించలేదు.

"అడిగేస్తే ఏం పోతుందే?" అని తెర వెనక గొణిగాడు.

"పరువు పోతుంది," అంది భార్య షల్వా. "మీ నాన్న తనని చంపడానికొచ్చినవాడికి కూడా కాఫీ పోశాడు. నువ్వు మూడు రోజులు నోరు మూసుకోలేవూ?"

అతిథి మాత్రం అన్నీ అడిగాడు. బావులెన్ని, తుపాకులెన్ని, పిల్లలు ఎక్కడ పడుకుంటారు. అతిథి దగ్గర దాపరికమేమిటని నహార్ అన్నీ చెప్పాడు.

మూడో రాత్రి గడువు తీరింది. బయట ఒంటెల నెమరు చప్పుడు ఆగిపోయింది. నహార్ కాఫీ గింజలు దంచుతున్న రోకలి పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"ఇప్పుడు చెప్పన్నా, ఎక్కణ్ణుంచి వచ్చావు?"

అతిథి వేలెత్తి ఆకాశం చూపించాడు. నహార్ నవ్వబోయి ఆగాడు. ఆ వైపు నిన్న లేని చుక్కలు బోలెడున్నాయి. ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి.

"మాకూ ఒక మర్యాదుంది," అన్నాడు అతిథి మెల్లగా. "ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగేదాకా మేం అతిథులమే. వెయ్యేళ్ళైనా సరే, ఆ ఇంటి మీద చెయ్యెత్తం."

తెర వెనక షల్వా పిల్లల్ని లేపుతున్న చప్పుడు వినిపించింది.