చింతగింజ పడని మాట

డబ్బాలో చింతగింజ టంగుమని పడింది.

"మళ్ళీ అక్కడే ఆగిపోయావమ్మా" అన్నాడు గోపాలసామి. "మొదటి నుంచి చెప్పు."

దేవుడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"కన్నబాబూ, నాను దేవుడమ్మని. నీకు బయమొద్దు. సేతులెత్తి రోడ్డు మీదికి రా. నిన్నెవులూ ఏటీ సెయ్యరు. రా... కొ..."

టంగ్.

మలయా దేశపు క్లాంగ్‌లోని ఆ తెలుగు ఉపన్యాస సంఘానికి ఒక పద్ధతి ఉంది. మాట్లాడేవాడు తడబడినా, నీళ్ళు నమిలినా బిస్కెట్ డబ్బాలో ఒక చింతగింజ వేస్తారు. ఎవరి పేరున ఎక్కువ గింజలు పడితే వాళ్ళు ఆ పూట అందరికీ టీ పోయించాలి. రేవు ఆఫీసులో గుమాస్తా అయిన గోపాలసామి సంఘానికి కార్యదర్శి. తన పేరున ఇంతవరకు ఒక్క గింజా పడలేదని తనే అందరికీ చెప్పుకునేవాడు.

దేవుడమ్మ సంఘం మనిషి కాదు. కౌలా సెలంగోర్ దగ్గర ఎస్టేట్లో రబ్బరు పాలు తీస్తుంది. ఆమెను ఇన్‌స్పెక్టర్ నాగప్పన్ మొదటిసారి జీపులో తీసుకొచ్చాడు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టుల కోసం ప్రభుత్వం విమానానికి మైకులు కట్టి, లొంగిపొమ్మని చెట్ల మీదుగా రికార్డులు వినిపిస్తోంది. ఈసారి రికార్డులో ఆమె గొంతు కావాలి.

"స్టేషన్లో ఎన్నిసార్లు చెప్పించినా మధ్యలో ఏడుస్తోంది సార్" అన్నాడు నాగప్పన్. "ఇంజను మోతలో ఏడుపు ఎవడికి వినిపిస్తుంది? మాట వినిపించాలి. తడబడకుండా చెప్పడం మీరే నేర్పాలి. ఈమె పిలిస్తేనే ఆ కుర్రాడు నమ్ముతాడు. ఇంకెవరు పిలిచినా రాడు."

"రాకపోతే?"

"మెర్డెకా, అదే స్వతంత్రం పండగ కాగానే సైన్యం అడవిలో దిగుతుంది. ఆ తరవాత నేను తెచ్చేది శవాన్నే."

అంతవరకూ నేల చూపులు చూస్తున్న దేవుడమ్మ తలెత్తింది.

"శవం నాకొద్దు బాబూ. పేనంతో కావాల. శవం మాట్టాడదు గదా."

గోపాలసామి ఇక కాదనలేకపోయాడు.

రోజూ ఆఫీసు కాగానే హాలుకు వచ్చేవాడు. ఆమె బస్సు దిగి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చేది. మిగతా మాటలన్నీ త్వరగానే పట్టుబడ్డాయి. 'కొడుకా' అనే దగ్గరే గింజ పడేది.

"ఒక్కడేనా అమ్మా బిడ్డ?" అని అడిగాడు ఒకనాడు.

"ఒక్కడే. పొద్దుగూకే యేల అడవిలోకి తీసుకుపోనారు. అప్పట్నుంచి సూడనేదు."

"ఇన్నాళ్ళయ్యాక నీ గొంతు కన్నబాబు గుర్తుపడతాడంటావా?"

"నా సేతి కూడు తిని పెరిగినోడు. పట్టడా?"

"పోనీ, కష్టంగా ఉంటే ఆ ఒక్క మాట తీసేద్దామా?"

"తీసీకు కెరాణి బాబూ." ఎస్టేట్ జనానికి గుమాస్తాలందరూ కెరాణులే. "నా నోట ఆ మాట ఇంటేనే వాడొస్తాడు."

"మరి అనలేకపోతున్నావు."

"అంటాను. నోరు తిరగాల గదా."

గోపాలసామి డబ్బా పక్కకు జరిపాడు. "అయితే ఒక పని చెయ్యి. ఆ మాట దగ్గర వాడి మొహం తలుచుకోకు. వాడు వచ్చాక నీకు ఏం కావాలో అది తలుచుకో."

ఆమె అతని వైపు వింతగా చూసి, తలాడించింది.

మెర్డెకా ముందటి ఆదివారం పోటీ సభ. అంతమందిలో మాట్లాడగలిగితే మైకు ముందూ మాట్లాడగలదని నాగప్పన్ పట్టుబట్టి ఆమె పేరు చేర్పించాడు. వక్తలందరూ స్వతంత్రం గురించి మాట్లాడారు. గోపాలసామి తన ఉపన్యాసం మధ్యలో దేవుడమ్మ వైపు చూసి మాట మరిచిపోయాడు. టంగ్. హాలంతా నవ్వింది.

"టీ నీదే, కార్యదర్శీ" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

చివరగా దేవుడమ్మ లేచింది.

"కన్నబాబూ, నాను దేవుడమ్మని. నీకు బయమొద్దు. సేతులెత్తి రోడ్డు మీదికి రా. నిన్నెవులూ ఏటీ సెయ్యరు. రా కొడుకా. కూడొండి ఎట్టినాను, రా."

చింతగింజ పడలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. పోటీలో గెలిచిన కప్పు ఆమెదేనన్నారు. ఆమె తీసుకోలేదు.

"వాడొచ్చినాక ఇయ్యండి" అంది.

జెండా మారింది. ఆమె గొంతుతో విమానం అడవి మీద తిరిగింది. సైన్యం దిగకముందే ఒక ఉదయం ఆఫీసుకు నాగప్పన్ ఫోన్ చేశాడు.

"వచ్చేశాడు సార్. చేతులెత్తుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు."

గోపాలసామి కప్పు సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

కౌలా సెలంగోర్ స్టేషన్ గదిలో దేవుడమ్మ క్యారియర్ విప్పి అన్నం, ఎండుచేపల పులుసు వడ్డిస్తోంది. ఎదురుగా నేల మీద ఎముకల గూడులా కన్నబాబు. లోపలికి వెళ్ళి వాళ్ళను కదిలించడం ఇష్టంలేక గోపాలసామి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వు పిలుస్తావనుకోనేదు" అన్నాడు కన్నబాబు, తల ఎత్తకుండా. "ఆ మాట ఇని కూడా నమ్మనేకపోనాను."

"తిను."

అతను ఏడుస్తూనే తిన్నాడు. ఆమె మళ్ళీ వడ్డించింది. పులుసు పోసింది. చివరి ముద్ద దాకా కాచుకుని, చేతి మీద నీళ్ళు పోసి, కొంగుతో తుడిచింది. గోపాలసామి జేబురుమాలు బయటికి తీశాడు.

దేవుడమ్మ కన్నబాబు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. సభలో చెప్పినట్టే, ఒక్క గింజా పడనట్టు, స్పష్టంగా అడిగింది.

"అడవిలోకి తీసుకుపోయిన నా కొడుకుని ఏడ పాతిపెట్టినావు?"